పిట్ట వెనక మనిషి

"ఈ తలకాయ ఎవరిది తాతయ్యా?"

సంక్రాంతి సెలవులకొచ్చిన మా మనవరాలు ల్యాప్‌టాప్ తెర మీద వేలు పెట్టి అడిగింది. బిస్కెట్ డబ్బాల్లో పడి మగ్గుతున్న నా నెగెటివ్‌లన్నిటినీ స్కాన్ చేసిపెడతానని నాలుగు రోజుల నుంచీ ఆ పనిమీదే కూచుంది పిల్ల. తెర మీద గూడబాతు. రెక్కలు సగం విప్పి, కాళ్ళతో నీళ్ళు తన్నుకుంటూ పైకి లేవబోతోంది. దాని ఎడమ రెక్క వెనక, కిక్కిస గడ్డి అంచున, గుండెలోతు నీళ్ళలో ఒక మనిషి. మసకగానే ఉన్నాడు గానీ తలకి చుట్టిన తువ్వాలూ పైకెత్తిన చెయ్యీ తెలుస్తూనే ఉన్నాయి.

ఆ ఫోటో దాదాపు నలభై ఏళ్ళుగా మా హాల్లో గోడకి వేలాడుతోంది. అందులో మనిషి లేడు. అతను ఉండాల్సిన చోట చిక్కటి నీడ ఉంది. చూసినవాళ్ళంతా గడ్డి నీడ అనుకుంటారు. దాన్ని అక్కడ వేసింది నేనే.

1972లో కొల్లేటి ఒడ్డున ఒక ఊరి జిల్లా పరిషత్ హైస్కూల్లో సైన్సు మాస్టారుగా చేరాను. ఒడ్డున అన్నాను గానీ, కొల్లేటికి ఒడ్డెక్కడో ఏ ఏటికా ఏడు తేలాల్సిందే. వానాకాలంలో బుడమేరూ తమ్మిలేరూ నీళ్ళు తెచ్చి పోస్తే మా స్కూలు వెనక గోడ దాకా వచ్చేసేది. మిగులు నీరు ఉప్పుటేరు పట్టుకుని సముద్రానికి పోగా, ఎండలు ముదిరేసరికి కుంచించుకుపోయి ఎక్కడో మైళ్ళ దూరంలో మెరిసేది. మధ్యలో బయటపడ్డ బురదనేలలో వరి నాటేవాళ్ళు. కార్తీకంలో దోనె మీద పోయిన దారినే వైశాఖంలో ఎడ్లబండి మీద పోవచ్చు. ఇలాంటి చోట భూగోళం పాఠం చెప్పడం కష్టం. "సరస్సు అనగా నలువైపులా భూమి గలది" అని నేను బోర్డు మీద రాస్తే, లంక ఊళ్ళ నుంచి వచ్చే పిల్లలు ఒకళ్ళ మొహాలొకళ్ళు చూసుకునేవారు. వాళ్ళకి తెలిసిన భూమికి నలువైపులా నీళ్ళే.

ఆ పిల్లలు బడికి తాటిదోనెల మీద వచ్చేవాళ్ళు. తాటిమాను నడిమికి చీల్చి, లోపల తొలిచిన దోనె. ఒంటిగా ఉంటే ఒరిగిపోతుందని రెండు కలిపి కట్టేవాళ్ళు. చొక్కా జేబుల్లో పిట్టగుడ్లు తెచ్చి నా బల్ల మీద పెట్టేవాళ్ళు. నేను జువాలజీ చదివినవాణ్ణి. కప్పని కోసి దాని గుండె ఎక్కడో, కాలేయం ఎక్కడో చూపించగలను. బతికున్న పిట్టని చూసి అదేమిటో చెప్పమంటే మాత్రం నోరు పెగిలేది కాదు. పేర్లన్నీ వాళ్ళే నేర్పారు నాకు. ముక్కుతో బురద కుట్టేది ఉల్లంకి. నత్తలు తినేది నత్తగుల్ల కొంగ. ఒళ్ళంతా ముంచి మెడ మాత్రం పాములా పైకి పెట్టి ఈదేది పాముబాతు. నల్లగా ఉండి నుదుట తెల్లబొట్టు ఉన్నది బొల్లికోడి. చలికాలం రాత్రుళ్ళు ఈల వేసుకుంటూ ఇళ్ళ మీదుగా పోయేవి పరజలు. సాలిం అలీ గారి పక్షుల పుస్తకం, 1941లో మొదట అచ్చయింది, దాని కొత్త ముద్రణ ఒకటి వి.పి.పి.లో తెప్పించాను. బొమ్మ చూపిస్తే పిల్లలు పేరు చెప్పేవాళ్ళు, నేను మార్జిన్లో పెన్సిల్‌తో రాసుకునేవాణ్ణి. ఆ పుస్తకం ఇప్పటికీ ఉంది. ఒక బొమ్మ పక్కన మాత్రం మూడు పేర్లున్నాయి. మూడు లంకల పిల్లలు కొట్టుకున్నారు దాని గురించి.

ఫోటోల పిచ్చి మొదట ఆగ్ఫా క్లిక్-3తో మొదలైంది. స్కూలు గ్రూపు ఫోటోల కోసం కొన్న డబ్బా కెమెరా. ఒక రోలుకి పన్నెండు బొమ్మలు. తిప్పడానికి, సరిచేయడానికి అందులో పెద్దగా ఏమీ ఉండదు. దూరంగా ఉన్నది దూరంగానే పడుతుంది. మొదటిసారి ఉల్లంకిని తీసి, ఏలూరులో కడిగించి తెచ్చి, మా హెడ్‌మాస్టారి ముందు పెట్టాను. ఆయన కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకుని, "పొలం బావుంది" అన్నారు. ఉల్లంకి ఎక్కడుందో గుండుసూదితో చూపించాల్సి వచ్చింది.

తర్వాత పన్నెండేళ్ళు అరువు కెమెరాలతో, పెళ్ళిళ్ళ ఫోటోలు తీసే కుర్రాళ్ళని బతిమాలుకోవడంతో గడిచిపోయాయి. 1984లో మా బావమరిది విశాఖ నుంచి ఒక ఇనప్పెట్టె మోసుకొచ్చాడు. అక్కడ సోవియట్ సహకారంతో ఉక్కు ఫ్యాక్టరీ కడుతున్న రోజులు. ఊరికి తిరిగి వెళ్ళిపోతున్న రష్యన్ ఇంజనీరొకాయన సామాను అమ్ముకుంటుంటే బేరమాడి కొన్నాడట. పెట్టె తెరిస్తే లోపల జెనిట్ ఫోటోస్నైపర్. జెనిట్ కెమెరా, దానికి మూడొందల మిల్లీమీటర్ల టయిర్ లెన్సు, రెంటికీ కింద తుపాకీకి ఉన్నట్టే ఒక మడం, చేతిపిడి, ట్రిగ్గరు. భుజానికి ఆనించి గురి చూసి ట్రిగ్గరు నొక్కితే ఫోటో పడుతుంది. పెట్టెలోనే ఫిల్టర్లు, ఫిల్ము డబ్బాలు, స్క్రూడ్రైవర్లు, దేని గుంటలో అది పొందిగ్గా పెట్టి ఉన్నాయి. మా ఆవిడ బీరువా కోసం చీటీ పాడిన డబ్బు దానికి పోయింది. ఆరేళ్ళ తర్వాత బీరువా కొన్నాం. ఇప్పటికీ అందులో ఒక్క అర నాది కాదు. నెగెటివ్‌లు బిస్కెట్ డబ్బాల్లో ఎందుకున్నాయంటే ఇదీ కథ.

ఆ తుపాకీ కెమెరాతో పడ్డ తిప్పలు అన్నీ ఇన్నీ కావు. ఆ రోజుల్లో చలికాలం వస్తే సంతల్లో పరజల్ని కాళ్ళు కట్టి గుత్తులుగా అమ్మేవాళ్ళు. నాటు తుపాకీలతోనూ వలలతోనూ పట్టేవాళ్ళుండేవారు. నేను ఇనప్పెట్టె భుజాన వేసుకుని గట్టెక్కితే చాలు, "మేష్టారూ, మాకూ ఓ జత ఉంచండి" అని కేకలు. ఒక ఊళ్ళో ఖాకీ చొక్కా ఆయన ఒకడు లైసెన్సు చూపించమని అర్ధరోజు కూచోబెట్టాడు. లెన్సు మూత తీసి, ఇందులోంచి చూడండి సార్ అని ఆయన చేతికిస్తే, ఎదురుగా రావిచెట్టు మీద కాకిని చాలాసేపు చూసి, "దగ్గరికొచ్చిందే!" అని టీ తెప్పించాడు.

నన్ను నీళ్ళలోకి తీసుకుపోయిన మనిషిని బాబాయ్ అని పిలిచేవాణ్ణి. నాకంటే పదిహేనేళ్ళు పెద్ద. మావులు పెట్టి చేపలు పట్టడం పని. మావులంటే వెదురుపుల్లలతో అల్లిన బుట్టల్లాంటివి. చేప లోపలికి వెళ్ళగలదు, బయటికి రాలేదు. తెల్లవారుజామున నాలుగింటికి దోనె తీస్తే, గెడ నీళ్ళలో దిగే చప్పుడు తప్ప మరేమీ వినపడేది కాదు. కొల్లేరు లోతు తక్కువ, గెడతోనే పని. మావులెత్తుకుంటూ పోయేవాడు. కొర్రమీను పడితే బుట్టలో, జెల్లలు పడితే వేరే బుట్టలో. మధ్యలో ఒక్కోసారి ఆగి, చెవి ఒగ్గి, "అదుగో, లేస్తున్నయ్" అనేవాడు. నాకు ఏమీ వినపడేది కాదు. ఐదు నిమిషాలకి తూర్పున బాతుల గుంపు ఆకాశం మీద గీత గీసినట్టు లేచేది.

గడ్డిలో నాకొక మాటు కట్టిపెట్టాడు. నాలుగు కర్రలు పాతి, తాటాకులు, గోనెపట్టా కప్పి, లెన్సు మూతి పట్టేంత కంత. నేను లోపల దూరగానే పిట్టలన్నీ లేచిపోయేవి. గంటలు గడిచినా వచ్చేవి కావు. మనిషి లోపలున్నాడని వాటికి తెలుసు. దానికి బాబాయ్ దగ్గర ఒక ఉపాయం ఉంది. ఇద్దరం కలిసి మాటులోకి వెళ్ళేవాళ్ళం. కాసేపటికి అతనొక్కడూ బయటికి వచ్చి, కావాలని గట్టిగా దగ్గుతూ, నీళ్ళు చిమ్ముకుంటూ దోనె మీద వెళ్ళిపోయేవాడు. పిట్టలు పావుగంటలో వచ్చి వాలేవి.

"ఆటికి లెక్కలు రావండి మేష్టారూ," అన్నాడు మొదటిసారి నవ్వుతూ. "ఒకడు పోతే అందరూ పోయారనుకుంటయ్."

లెక్కల మాస్టారికి చెప్తే ఆయన, మన తొమ్మిదో తరగతిలో సగం మంది ఆ జాతే అన్నాడు.

రోలుకి ముప్పయ్యారు బొమ్మలు. ఓర్వో ఫిల్ము, తూర్పు జర్మనీ సరుకు, పెద్ద చుట్ట ఒకటి కొని, రాత్రిపూట దుప్పటి కింద చీకట్లో చేతుల తడుముడుతో ముక్కలు కోసి డబ్బాల్లో ఎక్కించుకునేవాణ్ణి. చవక అవుతుందని. చవకైనా నాకు నెలకొక రోలే. అంటే నాలుగు ఆదివారాలకి ముప్పయ్యారు, వారానికి తొమ్మిది. ఉదయమంతా మాటులో కూచుని మూడు తీసి వచ్చిన రోజులున్నాయి. కొంగ ముక్కులో నత్త ఉంది, కానీ మెడ అటు తిరిగి ఉంది, తియ్యాలా వద్దా? ఇటు తిరుగుతుందా? తిరిగేలోపు నత్తని మింగేస్తుందా? ఇలాంటి లెక్కలతో చెమట్లు పట్టేవి. జెనిట్ చప్పుడు కూడా తక్కువేం కాదు. లోపలి అద్దం లేచి పడేటప్పుడు తలుపు వేసినట్టు ధడ్ మనేది. ఒక బొమ్మ తీశామంటే రెండోదానికి పిట్ట ఉండదు. అందుకే ఆ ఒక్కటీ.

ఇక ఇంట్లో చీకటిగది. గది అన్నమాటే గానీ, రాత్రి పదయ్యాక మా వంటిల్లే. కిటికీకి నల్లదుప్పటి, తలుపు సందులకి పాతగుడ్డలు, అరటిపళ్ళ బుట్ట ఉండే చోట ఎన్‌లార్జరు. మా ఆవిడ షరతులు రెండు. హైపో వాసన తెల్లారేసరికి పోవాలి. ట్రేలు ఆవకాయ జాడీల దగ్గర పెట్టకూడదు. రెండోది పాటించాను.

ఫిల్ము కడగాలంటే డెవలపరు ఇరవై డిగ్రీల దగ్గర ఉండాలని డబ్బా మీద రాసి ఉంటుంది. ఏ జర్మనీలోనో ఇంగ్లండులోనో కొళాయి తిప్పితే ఆ నీళ్ళే వస్తాయి కాబోలు. మాకు మేనెలలో కుండలో నీళ్ళు కూడా ముప్పైకి దగ్గర్లో ఉంటాయి. వేడినీళ్ళలో ఫిల్ము మీది జెలటిన్ ఉబ్బుతుంది, మెత్తబడుతుంది, గోరు తగిలితే లేచిపోతుంది. దాంతో ఐసు కావాలి. మా వైపు ఐసుకి కొదవ లేదు. చేపల్ని కలకత్తా పంపడానికి పెట్టిన ఐసు ఫ్యాక్టరీలున్నాయి. సాయంత్రం స్కూలు వదిలాక సైకిలు వెనక గోనెసంచిలో ఊక వేసి, అందులో ఐసుగడ్డ పెట్టుకుని వచ్చేవాణ్ణి. దార్లో కరిగి ప్యాంటు వెనకంతా తడిసిపోయేది. పెద్ద బేసిన్లో ఐసు ముక్కలు, మధ్యలో డెవలపరు సీసా, అందులో స్కూలు ల్యాబు థర్మామీటరు. పాదరసం ఇరవై ఒకటికి దిగ్గానే సీసా బయటికి తీసి ట్యాంకులో పొయ్యాలి. గడియారం చూస్తూ నిమిషానికోసారి ట్యాంకు తలకిందులు చెయ్యాలి. ఇదంతా చేస్తున్నంతసేపూ బేసిన్లోంచి చేపల ఐసు వాసన. ఈ వాసనకి మా వీధి పిల్లులన్నీ రాత్రి పదకొండింటికి వంటింటి కిటికీ కింద చేరేవి. నా ఫోటోలు బాగా వస్తాయో రావో గానీ, పిల్లులు మాత్రం ఏనాడూ ఆశ వదులుకోలేదు.

ఒకసారి కరెంటు కోతతో ఫ్యాక్టరీలో ఐసు లేదు. మర్నాటి దాకా ఆగలేక నూతి నీళ్ళతోనే కానిచ్చాను. ట్యాంకు మూత తీసి ఫిల్ము విప్పుతుంటే జెలటిన్ అరటిపండు తొక్కలా జారిపోయింది. నెల రోజుల పని. నేలమీద కూలబడ్డాను. మా ఆవిడ లేచొచ్చి చూసి ఏమీ అనకుండా వెళ్ళి పడుకుంది. తిట్టి ఉంటే బావుండేది.

ఎర్రలైటు కింద ట్రేలో కాగితాన్ని అటూ ఇటూ ఊపుతుంటే బొమ్మ తేలడం గురించి చాలామంది చాలా రాశారు, నేను రాయను. పిల్లలకి మాత్రం చూపించేవాణ్ణి. శనివారం రాత్రి నలుగురైదుగురు హాస్టలు పిల్లలు వచ్చేవారు. తెల్లకాగితం మీద ముందు కన్ను వస్తుంది, తర్వాత ముక్కు, తర్వాత తక్కిన పిట్ట. "మా కొంగే సార్!" అని ఒకడు అరిచాడొకసారి, నిజంగానే తన ఇంటి దగ్గర కొంగని గుర్తుపట్టినట్టు. వెండి లవణాల మీద కాంతి పడితే ఏమవుతుందో ఆ తర్వాత నేను విడిగా పాఠం చెప్పాల్సిన అవసరం రాలేదు.

ఇదంతా ఎందుకంటే, సెలూన్ల కోసం. మంగలి షాపులు కావు. ఫోటోల పోటీ ప్రదర్శనల్ని సెలూన్లంటారు. దేశంలో, విదేశాల్లో ఫోటోగ్రఫీ సంఘాలు పెట్టేవి. పన్నెండు పదిహేను అంగుళాల ప్రింట్లు నాలుగు, రెండు అట్టల మధ్య పెట్టి, తాడుకట్టి రిజిస్టర్ పోస్టులో పంపాలి. మూడు నాలుగు నెలలకి తిరిగొస్తాయి. తీసుకుంటే ప్రింటు వెనక రంగుల చీటీ అంటించి పంపుతారు. లేకపోతే చీటీ ఉండదు. మా పోస్టుమాస్టరు పార్శిలు ఇచ్చేటప్పుడు అందుకోగానే వెనక్కి తిప్పి చూసేవాడు. నాకంటే ముందు ఫలితం ఆయనకే తెలిసేది.

ప్రకృతి విభాగానికి ఆ రోజుల్లో ఒక నియమం ఉండేది. బొమ్మలో మనిషి చెయ్యి కనబడకూడదు. కంచె, తీగ, దారి, పొలం గట్టు, పడవ, ఏదీ. అడవి జీవం తన చోట తానున్నట్టు ఉండాలి. చదివినప్పుడు చాలా సబబుగా అనిపించింది నాకు. బోనులో పెట్టి తీసేవాళ్ళనీ, కాళ్ళకి దారం కట్టి తీసేవాళ్ళనీ ఆపడానికి పెట్టిన నియమం అది. కాకపోతే కొల్లేట్లో మనిషి లేని చోటు ఎక్కడుంది? కొంగ వాలేది మావు కర్ర మీద. లకుముకి పిట్ట కూచునేది వల తాడు మీద. బాతులు మేసేది కోసిన వరి మళ్ళలో. ఏ బొమ్మ తీసినా అంచున ఏదో మనిషి వాసన ఉండేది. దాన్ని కత్తిరించడమే నా కళ. ఇరవై ఏళ్ళు కత్తిరించాను.

ఈ గూడబాతు రోజు గుర్తుంది. గూడబాతుల గురించి బాబాయ్ ఎప్పుడూ వాళ్ళ నాన్న కాలం కబుర్లు చెప్పేవాడు, చెట్ల నిండా గూళ్ళని. నిజమే అయ్యుంటుంది. తర్వాత్తర్వాత చదివాను. కేరళలో ఇందుచూడన్ పేరుతో పక్షుల గురించి రాసిన కె.కె. నీలకంఠన్ గారు 1946లో మా పశ్చిమ గోదావరి ఆరేడు దగ్గరే గూడబాతుల పెద్ద స్థావరాన్ని కనిపెట్టి, 1949లో బొంబాయి నాచురల్ హిస్టరీ సొసైటీ పత్రికలో దాని గురించి రాశారు. ఆయనా పాఠాలు చెప్పుకునే మనిషే కావడం నాకెందుకో కాస్త గర్వంగా ఉంటుంది. మేం తిరిగిన రోజుల్లో మాకు కనిపించినవి మాత్రం మేతకొచ్చి పోయేవే. ఆవేళ ఒక్కటి దొరికింది, మాటుకి చాలా దూరంలో. బాబాయ్ దోనె దిగి, గడ్డి వెనకనుంచి చుట్టు తిరిగి వెళ్ళి, గుండెలోతు నీళ్ళలో నిలబడి మెల్లగా చెయ్యెత్తాడు, పశువుల్ని అదిలించినట్టు. అది నావైపు లేచింది. ట్రిగ్గరు నొక్కాను. అతను బొమ్మలో ఉన్నాడని తెలుసు. ఇంకోటి తీసే వీల్లేదు.

ఎన్‌లార్జరు కింద రెండు రాత్రులు కష్టపడ్డాను. అట్టముక్కకి రూపాయి బిళ్ళంత కన్నం పెట్టి, ప్రింటంతా మామూలుగా వెలుగు చూపించాక, ఆ కన్నంలోంచి ఆ మూలకి మాత్రం మరికాస్త వెలుగు పోనివ్వాలి. అట్ట ఒకచోట ఆపితే అంచు తెలిసిపోతుంది కాబట్టి ఆడిస్తూ ఉండాలి. ఎంత వెలుగు తగిలితే కాగితం అంత నల్లబడుతుంది. ముందు చెయ్యి పోయింది, తర్వాత తువ్వాలు, తర్వాత మొహం. ప్రింటు చీటీతో తిరిగొచ్చింది. పోస్టుమాస్టరు మిఠాయి తినిపించమన్నాడు. బాబాయికి కూడా ఒక కాపీ ఇచ్చాను. చాలాసేపు చూసి, "నేను ఇక్కడ గదండీ ఉన్నాను?" అని నీడ మీద వేలు పెట్టాడు. నియమం గురించి చెప్పాను. తలూపాడు. ఆ ఊపడంలో ఒప్పుకోలు ఎంతో మర్యాద ఎంతో నాకప్పుడు పట్టలేదు.

సెలవుల్లో వేరే చోట్లకీ పోయేవాణ్ణి. శ్రీకాకుళం జిల్లా తేలినీలాపురంలో పిట్టలు ఇళ్ళ మధ్య చెట్ల మీదే కాపురం పెడతాయి, ఊరివాళ్ళు వాటిని పురిటికొచ్చిన ఆడపడుచుల్లా చూసుకుంటారు. నెల్లూరు వైపు నేలపట్టులో నీళ్ళలో నిలబడ్డ కడప చెట్ల నిండా గూడబాతులు. ఆ చెరువులో రెట్ట కలిసిన నీళ్ళు పొలానికి ఎరువని రైతులు సంబరపడతారు. రెండుచోట్లా నేను తీసిన బొమ్మల్లో ఒక్క ఇల్లు లేదు, ఒక్క రైతు లేడు. మద్రాసులో ఎం. కృష్ణన్ గారని నలుపు తెలుపుల్లో ఏనుగుల్ని తీసిన మహానుభావుడొకాయన ఉండేవారు. వాటినీ వీటినీ అతికించి తయారుచేసుకున్న తన కెమెరాకి సూపర్ పాండరోసా అని పేరు పెట్టుకున్నారు. ఆ సంగతి చదివాక నా తుపాకీకి నేనూ ఒక పేరు పెట్టాలనుకున్నాను. మా ఆవిడ అప్పటికే పెట్టేసింది: బీరువా.

కొల్లేరు మారడం ఒక్కరోజులో జరిగింది కాదు. చేపల చెరువులు నేను చేరిన కొత్తలోనే అక్కడక్కడా మొదలయ్యాయి. ఎనభైల చివరికొచ్చేసరికి ఎటు చూసినా గట్లే. నీళ్ళు ఉన్నాయి, కానీ గళ్ళ నోటు పుస్తకంలా ఉన్నాయి. గెడ వేసుకుని తిన్నగా పోదామంటే పది దోనెల దూరానికి గట్టు అడ్డం. కిక్కిస పోయింది. మిగిలినచోట గుర్రపుడెక్క. డబ్బు మాత్రం వచ్చింది, అబద్ధం చెప్పకూడదు. పెంకుటిళ్ళు డాబాలయ్యాయి, నా దగ్గర చదివిన పిల్లలు ఇంజనీరింగు ఫీజులు కట్టుకోగలిగారు. మాటుల్లో కూచుని ఫోటోలు తీసుకున్నవాడికి వాళ్ళని ఏమైనా అనే హక్కు లేదు.

1999లో అయిదో కాంటూరు లోపలి భాగాన్ని, మూడువందల ఎనిమిది చదరపు కిలోమీటర్లు, అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో అంతర్జాతీయ చిత్తడి నేలల రాంసర్ జాబితాకెక్కింది. 2006లో పొక్లెయిన్లు దిగి గట్లు తెంచాయి. అప్పటికి నేను రిటైరై ఏడాది. ఆ గట్లు తెగుతుంటే ఒడ్డున నిలబడి ఏడుస్తున్నవాళ్ళలో నా పాత విద్యార్థులున్నారు, నాకు పేర్లు నేర్పినవాళ్ళు. సంతోషించాలో బాధపడాలో తెలియక స్కూటరు తిప్పుకుని వచ్చేశాను. కైకలూరు దగ్గర ఆటపాకలో ఇప్పుడు గూడబాతులు గూళ్ళు పెడుతున్నాయి, నీళ్ళలో పాతిన ఇనప స్టాండ్ల మీద. టిక్కెట్టు కొని పడవెక్కి చూడొచ్చు. ఇనుమంతా రెట్టతో తెల్లబడి చెట్టులాగే కనిపిస్తుంది. ఆ స్టాండ్ల బొమ్మ పాతకాలం సెలూన్లో నెగ్గేది కాదని చూసినప్పుడల్లా నవ్వొస్తుంది.

బాబాయ్ దోనె ఎప్పుడు మానేశాడో నాకు కచ్చితంగా తెలీదు. ట్రాన్స్‌ఫర్ మీద నేను వేరే ఊరు వెళ్ళిపోయాను. తొంభైల్లో ఒకసారి వెతుక్కుంటూ వెళ్తే ఒక పెద్ద చెరువు గట్టు మీద తాటాకు గుడిసెలో కనిపించాడు. కాపలా. మంచం కింద సంచిలో టపాకాయలు. నీటికాకులూ కొంగలూ చేపపిల్లల మీద పడకుండా తెల్లారుజామున పేల్చడం పని.

"ఎప్పుడు లేస్తయ్యో నాకు తెలుసు గదండీ," అన్నాడు. "అందుకే నన్ను పెట్టుకున్నారు."

నాకు టీ ఇచ్చాడు. నా కెమెరా మారిందా అని అడిగాడు. మారిందని చెప్పాను. మేం మాట్లాడుతుండగానే తూర్పున ఏదో గుంపు లేచింది. అతను మాట ఆపి చెవి ఒగ్గాడు, పాత అలవాటుగా. తర్వాత లేచి అగ్గిపెట్టె తీసుకుని గట్టు మీదికి నడిచాడు. నేను కెమెరా తియ్యలేదు. సంచిలోనే ఉంది.

డిజిటల్ వచ్చాక నాకు ప్రాణం లేచొచ్చిందనే చెప్పాలి. ఐసు లేదు, హైపో లేదు, పిల్లులు లేవు. ఒక్క ఉదయంలో ఎనిమిదొందల బొమ్మలు తీసిన రోజులున్నాయి, డెబ్భై దాటిన మోకాళ్ళతో. పాతవే గొప్పవని వాదించేవాళ్ళు చేపల ఐసు మోసి ఉండరు. ఒక్కటి మాత్రం ఉంది: ఎనిమిదొందల్లో బాగోలేని ఏడొందల తొంభై ఆ సాయంత్రమే చెరిపేస్తాను. పడవలు అడ్డం వచ్చినవి, మనుషులు అడ్డం వచ్చినవి. ఫిల్ములో చెరపడం కుదరదు. ప్రింటులో ఎంత నల్లగా కప్పినా నెగెటివ్‌లో మనిషి మనిషిలాగే ఉంటాడు, బిస్కెట్ డబ్బాలో, నలభై ఏళ్ళు.

మనవరాలు పదకొండొందల ఫ్రేములు ఎక్కించింది. అంచులు కత్తిరించకుండా చూడ్డం నాకూ అదే మొదటిసారి. ఒకదాంట్లో నడుముకి జల్ల కట్టుకుని వంగి నత్తలేరుతున్న ఇద్దరాడవాళ్ళు. ఒకదాంట్లో పెద్దింట్లమ్మ జాతరకి పోతున్న దోనెల వరస, ముందు దాంట్లో మేకపిల్ల. ఒకదాంట్లో బడికెళ్తున్న పిల్లలు, పలకలు నెత్తిన పెట్టుకుని. కొంగ మాత్రం అన్నిటికీ మధ్యలో, పెళ్ళికొడుకులా.

గూడబాతుది ఏలూరులో పెద్దది కొట్టించాను, నీడ లేకుండా. బాబాయ్ పోయి చాలా ఏళ్ళయింది. కొడుకు లంకలోనే ఉంటున్నాడు, ఇప్పుడా ఊరు ఏలూరు జిల్లా. తీసుకెళ్ళి ఇచ్చాను. అరవై దాటినవాడు, నా దగ్గర ఏడో తరగతి చదివినవాడే. బొమ్మని వాకిట్లోకి తీసుకెళ్ళి వెలుతుర్లో పట్టుకుని, దగ్గరగా చూసి, దూరంగా చూసి, భార్యని పిలిచి చూపించాడు. ఆమె మావగారిని చూడలేదట, తువ్వాలు చూసి అడిగింది, ఆయన చుట్టుకునే తీరు ఇదేనా అని. ఇదేనన్నాడు. చాలాసేపయ్యాక నావైపు తిరిగాడు.

"బావుందండి మేష్టారూ. ఈ పిట్ట అడ్డం రాకపోతే మా నాన్న ఇంకా బాగా పడేవోడు."